బసప్ప మాటలు

గద్వాలలో సౌజన్యకు రెండు పనులు. పగటిపూట చీరల అంచులకు కంప్యూటర్‌లో నమూనాలు గీసి ఇస్తుంది. ఆ గీతల ప్రకారమే జకార్డు అట్టలకు చిల్లులు పడతాయి. వాళ్ల నాన్న బాలకిష్టయ్య లాంటి నేతగాళ్లు ఆ అట్టలు కట్టుకుని మగ్గం మీద హంసలనూ కోటకొమ్మలనూ పట్టుదారంతో నేస్తారు. సాయంత్రంపూట వీడియో గేమ్‌లు ఆడి, ఏది ఎట్లా ఉందో తన ఛానెల్‌లో చెబుతుంది. మొదటి పని ఇల్లు నడుపుతుంది. రెండో పని వల్ల ఆమెను ముప్పై వేల మంది ఎరుగుదురు. పాలమూరు మాటలో, మొహమాటం లేకుండా, నవ్వించేటట్టు చెబుతుందని ఆమెకు పేరు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో 'నల్లకోట' గేమ్ రెండో భాగం వచ్చింది. విడుదలకు వారం ముందే ముబషిరా ఆమెకు ఒక కాపీ పంపింది. దాంతోపాటు రెండే ముక్కలు రాసింది: "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా ముఖం చూడకు."

ముబషిరాది పాన్‌గల్. వనపర్తి పాలిటెక్నిక్‌లో ఇద్దరూ మూడేళ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్నారు. మొదటి నల్లకోటను ఆ గదిలోనే, ఒకే ల్యాప్‌టాప్ మీద, పంతొమ్మిది రోజులు ఆడారు. తిప్పమ్మ అనే అమ్మాయి కొక్కెం కట్టిన తాడు పట్టుకుని పాడుబడిన కోటలో చెల్లెలిని వెతుక్కుంటూ తిరుగుతుంది. అంతే కథ. అందులో దారి చూపే బాణాలు లేవు, మ్యాపు లేదు. తిప్పమ్మ మాట్లాడదు, ఆమెతోనూ ఎవరూ మాట్లాడరు. గోడ మీద నాచు ఎటువైపు తడిగా ఉందో చూసి నీళ్ల సొరంగం ఎక్కడుందో ఊహించాలి. ఒకరు తిప్పమ్మను నడిపిస్తుంటే ఇంకొకరు రికార్డు పుస్తకం వెనక పేజీల్లో దారి గీసేవారు. ఆట అయిపోయిన రోజున ముబషిరా రికార్డు పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత, "నేను గిసొంటివి చేస్త" అంది. అన్నట్టే చేసింది. ఆ గేమ్ తయారుచేసిన హైదరాబాదు కంపెనీలోనే ఉద్యోగం సంపాదించింది. ఎక్కడ గోడ నిలవాలి, ఎక్కడ గుంత ఉండాలి, ఎక్కడికి పోతే ఏం కనిపించాలి అని నిర్ణయించి కట్టే పని ఆమెది.

సౌజన్య రెండో భాగాన్ని ఐదు సాయంత్రాలు ఆడింది. నోటుపుస్తకంలో ఒక పేజీకి మంచి, ఎదురు పేజీకి చెడు రాసుకుంది.

మంచి తక్కువేమీ లేదు. తాడు విసిరే పని మొదటిదానికన్నా ఎంతో బాగా కుదిరింది. కొక్కెం రాతికి పట్టుకున్నప్పుడు చేతిలోని కంట్రోలర్ చిన్నగా అదిరితే నిజంగా బరువు లాగుతున్నట్టే ఉంది. కోట దాటి బయటికొస్తే కొండలు, చేలు, నది. ఆ నదిని గుండ్రటి పుట్టిలో, రాళ్లు తప్పించుకుంటూ దాటే ఘట్టం దగ్గర సౌజన్య మధ్యలో ఆగి ఊరికే చూస్తూ కూర్చుంది. తెల్లవారుజామున నీళ్ల మీద పొగమంచు. ఈ భాగంలో తిప్పమ్మకు తోడుగా నడిచే ముసలాయన బసప్ప, పుట్టి అతనిదే. అతని కొడుకు ఆ నదిలోనే పోయాడని అంతకుముందే తెలుస్తుంది. అందుకే దాటినంతసేపూ అతను నోరు విప్పడు. పది నిమిషాలపాటు నీళ్లూ గాలీ తప్ప మరో చప్పుడు లేదు.

చెడ్డ పేజీ కూడా నిండింది. బందిపోట్ల డేరాలు పద్నాలుగు ఉన్నాయి, పద్నాలుగూ ఒక్క తీరే. ఒకటి గెలిచినవాడికి మిగతా పదమూడూ వెట్టిచాకిరి. ముగింపు హడావుడిగా చుట్టేశారు. అన్నిటికీ మించి బసప్ప. ఆ నది మీద తప్ప ఆయన నోరు మూతపడదు. తిప్పమ్మ వెంట నడుస్తూ ఎడమన గోడ ఉందంటాడు, ముందు గుంత ఉందంటాడు. ఆయన నోరు మూయించే మీట ఎక్కడుందోనని సౌజన్య సెట్టింగులన్నీ వెతికింది. లేదు.

ఆరో రోజు వీడియో చేసింది. తాడు గురించి చెప్పింది, నది గురించి చెప్పింది. "ఈ గేమ్ మొత్తంల బంగారం ఏదన్న ఉంటె గా పది నిమిషాలే, ఎందుకంటె అప్పుడు బసప్ప మాట్లాడడు" అంది. తర్వాత బసప్ప గొంతు పెట్టి మొదలుపెట్టింది. "'ముందట గుంత ఉంది బిడ్డా. మూడడుగులేసి ఎగురు బిడ్డా. కుడిచెయ్యి దిక్కు తలుపు ఉంది బిడ్డా.' కనపడుతనే ఉంది కద తాతా. మేమేమన్న గుడ్డోళ్లమా, అడుగడుగుకు చెప్పనీకె?" అంటూ కళ్లు గట్టిగా మూసుకుంది. రెండు చేతులూ ముందుకు చాచి, గాలిని తడుముకుంటూ, కుర్చీకి తట్టుకుని పడబోయినట్టు నటించింది.

జనం ఆ ముక్కనే పట్టుకున్నారు. ఎవరో దాన్ని కత్తిరించి చిన్న వీడియోగా తిప్పారు. రెండు రోజుల్లో లక్షన్నర మంది చూశారు.

ముబషిరా దగ్గర్నుంచి ఏ సమాధానమూ రాలేదు. మూడో రోజు పొద్దున ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "భాయ్ నీ వీడియో మొత్తం విన్నడు సౌజన్యా. ఏం అనలె. లేచి పిండిగిర్నికి పోయిండు."

భాయ్ అంటే ఆమిర్, ముబషిరా అన్న. హాస్టల్‌లో ఉన్నప్పుడు అతను డీసీఎం వ్యాన్ నడిపేవాడు. వేరుశనగ బుడ్డల బస్తాలు వేసుకుని వనపర్తి మార్కెట్‌కు వచ్చినప్పుడల్లా హాస్టల్ గేటు ముందు రెండుసార్లు హారన్ కొట్టి, వాళ్లమ్మ పంపిన డబ్బా ఇచ్చి పోయేవాడు. నాలుగేళ్ల కింద కళ్లకేదో ఇబ్బంది వచ్చి బండి మానేశాడని ముబషిరా చెప్పింది. దవాఖానకు తిరుగుతున్నారని కూడా చెప్పింది. ఆ తర్వాత ఏమైందో సౌజన్య అడగలేదు. బాగైపోయి ఉంటుందని తనంతట తానే అనుకుంది.

మెసేజ్ మళ్లీ పెట్టింది. చూసిండు అనలేదు ముబషిరా. విన్నడు అంది.

సౌజన్య ఫోను బోర్లించి లేచింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నాన్న తెగిన పోగు ముడేస్తున్నాడు. ఆమె పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. బాలకిష్టయ్యకు గేమ్‌ల సంగతి తెలియదుగానీ మాట్లాడేవాళ్ల సంగతి తెలుసు. ముడి బిగించేదాకా ఊరుకున్నాడు.

"చీర చూసెటోడు తప్పు వెతకాలె, అది వాని పని. నాది గూడ మస్తుసార్లు పక్కకు పడేసిండ్రు. గని ఒకసారి ఒకాయన 'నీ చేతులకు ఏమన్న రోగమా' అన్నడు. చీర సంగతి మర్సిపోయిన బిడ్డా. గా మాట మర్వలె."

"నాకు తెల్వదు నాయినా, ఆమిర్ అన్నకు గట్లయిందని."

"తెల్వకపోతె అనొచ్చా?"

సౌజన్య లేచి లోపలికి వెళ్లింది. ఆ పూటే ఫోనులో క్షమాపణ రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేసింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కింది. బీచుపల్లి వంతెన దాటుతుంటే కింద కృష్ణ మట్టిరంగులో నిండుగా పారుతోంది. పెబ్బేరులో ఒక బస్సు, వనపర్తిలో ఇంకో బస్సు మారి, ఎండ ముదిరే వేళకు పాన్‌గల్‌లో దిగింది.

ముబషిరా తల్లి సకీనాబీ వాకిట్లో బుడ్డలు ఎండబోస్తోంది. సౌజన్యను చూసి చేతులు దులుపుకుని లేచింది. "ఇంత ఎండల వచ్చినవ్ బిడ్డా. లోపలికి రా, నీళ్లు తాగు" అంది. కూతురితో ఏదో అయిందని ఆమెకు తెలిసినట్టే ఉంది. అయినా ఏమీ అడగలేదు.

ముబషిరా గేమ్ విడుదలయ్యాక సెలవు పెట్టి ఇంటికొచ్చింది. గది తలుపు దగ్గర నిలబడి, "ఫోన్ చేయకపోయినవా" అంది.

"ఫోన్ల చెప్పేది గాదు." సౌజన్య నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "బసప్పను ఆమిర్ అన్నకోసం పెట్టినవు కద?"

ముబషిరా నేల చూస్తూ చెప్పింది. "బసప్ప ముందుగాల్నుంచి కథల ఉన్నడు. రెండు మూడు మాటలు మాట్లాడుతుండె, అంతే. ఒకసారి గేమ్ ఇంటికి తెచ్చిన. భాయ్ నా పక్కన కూసుని, ఇప్పుడేముంది, ఇప్పుడేముంది అని అడుగుతుండె. నేను చెప్తుంటి. చెప్పినయన్ని రాసుకున్న. గవే బసప్ప మాటలు."

"మీట పెట్టాల్సుండె. ఒద్దనుకునేటోళ్లు బంద్ చేసుకునేటట్టు."

"రాసి ఇచ్చిన. టైమ్ లేదన్నరు. పెడితె అందరికి పెట్టు, లేకుంటె తీసెయ్ అన్నరు. నేను పెట్టిన. నీకు యాష్ట వస్తదని తెలుసు. తెలిసే పెట్టిన."

"నాకు ముందే చెప్తె అయిపోతుండె."

"చెప్తె మంచిగనే మాట్లాడుతుంటివి. నన్ను చూసి. గట్ల నాకొద్దు." ముబషిరా అప్పుడు తలెత్తింది. "తప్పు చెప్పినవని కోపం గాదు నాకు."

"తెలుసు" అంది సౌజన్య.

మధ్యాహ్నం అన్నానికి ఆమిర్ వచ్చాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, మీసాల మీద పిండి. ఊళ్లో పిండిగిర్ని నడుపుతున్నాడు. రాయి చేసే చప్పుడును బట్టి జొన్నలు ఎంత నలిగాయో చెప్పగలడట. వాకిలి దాటి, చెప్పులు విడిచి, చేయి కడుక్కుని, ఎక్కడా తడబడకుండా వచ్చి చాప మీద కూర్చున్నాడు. సౌజన్య పలకరించేదాకా ఆమె ఉన్నట్టు అతనికి తెలియలేదు.

"సౌజన్య చెల్లెనా? గద్వాల నుంచి గింత దూరం వచ్చినవా?"

"తప్పు మాట్లాడిన అన్నా. చెప్పిపోదామని వచ్చిన."

ఆమిర్ అన్నం కలుపుతూ ఆగాడు. "గుడ్డోడన్నందుకు గాదు చెల్లె. గా మాట దినాం ఎవలో ఒకలు అంటనే ఉంటరు. నువ్వు చేతులు సాపి తడుముకుంట నడిచినవంట. కామెంట్లల్ల రాసిండ్రు, ఫోను సదివి ఇనిపించింది." మెల్లగా అన్నాడు. "నేను గట్ల నడువ."

 అతను వాకిట్లోంచి వచ్చిన తీరు సౌజన్య కళ్లముందే ఉంది. "చూసిన అన్నా, ఇప్పుడు" అంది. అంతకుమించి ఏం మాట్లాడినా ఎక్కువే అనిపించింది. ఆమిర్ కూడా సాగదీయలేదు. తిన్నాక, "ఆడేది చూస్తవా?" అన్నాడు.

అతనికి చూపు పూర్తిగా పోలేదు. సన్నని గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం కనబడుతుంది, చీకటైతే అదీ లేదు. తెర వైపు చూడకుండా, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి ఆడాడు. వేళ్లు మాత్రం చకచకా కదిలాయి. బందిపోట్ల డేరా ఒకటి వచ్చింది. బసప్ప 'కుడిచెయ్యి దిక్కు ఇద్దరు' అన్నాడో లేదో, తాడు విసిరి ఇద్దరినీ పడగొట్టాడు. సౌజన్య తను ఆడినప్పుడు అదే డేరాలో రెండుసార్లు చచ్చిపోయింది.

"డేరాలన్ని ఒక్క తీరే ఉన్నయని తిట్టినవు కద" అన్నాడు ఆమిర్. "నాకు గదే మంచిగుంది. ఒకటి నేర్చుకుంటె పద్నాలుగు వస్తయ్. నీకు కండ్లున్నయ్, దినాం కొత్తది కావాలె. నాకు జర అలవాటైంది ఉండాలె."

"మరి చెడ్డది ఏంది, నీకు?"

"నది."

సౌజన్య ముబషిరా వైపు చూసింది. ముబషిరా కిటికీ వైపు తిరిగింది.

"నాలుగు దినాల సంది ఆడనే ఉన్న" అన్నాడు ఆమిర్. "ముసలోడు నోరు మూసుకుంటడు. రాళ్లు యాడున్నయో తెల్వదు, పుట్టి మునుగుతది. చెల్లె దాటిస్త అంటది, నేనొద్దన్న. ఆట కట్టినామెనే పక్కన కూసుని దాటిస్తె అది దాటినట్టా?"

"గా నది నీకోసం కట్టిన" అంది ముబషిరా, సౌజన్యతో. కిటికీలోంచి కళ్లు తిప్పలేదు. "హాస్టల్ల ఆడిన నల్లకోట లెక్క ఉండాలని. బసప్పతోని మాట్లాడిస్తె అది పోతది. మాట్లాడియ్యకుంటె భాయ్ దాటలేడు. నాలుగు నెలలు పరేషానైన. ఆఖరికి గట్లనే ఇడిసిన."

 బయట సకీనాబీ బుడ్డలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"నువ్వు చెప్తవా?" అన్నాడు ఆమిర్ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరుపుకుంటూ. "నువ్వు కట్టలె కద. నాలెక్క ఆడిన మనిషివే."

సౌజన్య చాప మీద అతని పక్కన కూర్చుంది. ముప్పై వేల మందికి గుక్కతిప్పుకోకుండా చెప్పే మనిషికి మాట దొరకలేదు. "ఎడమకు, కాదు, జర ఆగు, ముందట రాయి ఉంది, నల్లగ, పెద్దది, దాని పక్కపొంటి నురగ..." అంటుండగానే పుట్టి రాయికి కొట్టుకుని తిరగబడింది.

"రాయి యాడుందో చెప్పు చెల్లె" అన్నాడు ఆమిర్. "రంగు తర్వాత."

రెండోసారి మరీ తక్కువ చెప్పింది, మునిగింది. మూడోసారి ఆలస్యంగా చెప్పింది. నాలుగోసారి తన ఎడమ, తెరలో ఎడమ కలిపేసుకుంది. ఎంత ముందుగా చెప్పాలి, ఏది వదిలేయాలి, ఏ మాట అతని చేతికి అందుతుంది, ఏది చెవి దగ్గరే ఆగిపోతుంది అని వెతుక్కుంటూ ఉంటే చెమట పట్టింది. ముబషిరా ఒక్కసారి కూడా సాయం రాలేదు. ఆరోసారి మునిగినప్పుడు మాత్రం చిన్నగా నవ్వింది. ఆ వారంలో సౌజన్య విన్న ఆమె మొదటి నవ్వు అదే.

తొమ్మిదోసారి, "ఎడమ. రెండు. ఆగు. ఇగ కుడి. జర. సక్కగ పోనీ" అంటూ పోయింది. పుట్టి అవతలి ఒడ్డుకు తగిలింది. కంట్రోలర్ అదిరింది. ఆమిర్ దాన్ని ఒళ్లో పెట్టుకుని వీపు గోడకు ఆనించాడు.

"ఇప్పుడు చెప్పు. బంగారం అన్నవు కద. ఎట్లుండె?"

సౌజన్య చెప్పింది. పొగమంచు నీళ్లను ఎట్లా కప్పిందో, పుట్టి కదిలిన చోట మాత్రం ఎట్లా విడిపోయి మళ్లీ కలిసిందో చెప్పింది. నది మధ్యకు వచ్చాక బసప్ప తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడని, తిప్పమ్మ అది చూసి ముఖం పక్కకు తిప్పుకుందని చెప్పింది. ఈసారి తొందర లేదు. ఆమిర్ కళ్లు మూసుకుని విన్నాడు. "తలగుడ్డ తీసిండా" అని ఒకసారి అడిగాడు. తీశాడంది. "గందుకెనా గప్పుడు గాలి చప్పుడు మారింది" అన్నాడు.

ముబషిరా లేచి లోపలికి వెళ్లి నోటుపుస్తకం తెచ్చుకుంది.

తర్వాతి శనివారం సౌజన్య పాన్‌గల్‌లో తీసిన ఇంకో వీడియో పెట్టింది. పాతదాన్ని తీసేయలేదు. అందులోంచి తను చేతులు చాచి నటించిన ముక్క మాత్రం కోసేసి, ఎందుకు కోసిందో మొదటి నిమిషంలోనే చెప్పింది. బసప్ప నోరు మూయించే మీట లేకపోవడం తప్పేనని మళ్లీ అంది. ఆ మాటలు మాత్రం తప్పు కాదంది. పక్కన ఆమిర్ కూర్చున్నాడు. డేరాల దగ్గర ఇద్దరికీ వాదం వచ్చింది. ఆమె విసుగంటే అతను సుఖమన్నాడు. ఎవరూ తగ్గలేదు. ఆ వాదాన్ని ఆమె కత్తిరించలేదు.

మొదటి వీడియో చూసినవాళ్లలో పదోవంతు మంది కూడా దాన్ని చూడలేదు. స్నేహితురాలికోసం మాట మార్చిందని కొందరు రాశారు. కత్తిరించిన పాత ముక్క ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉంది, దాన్ని వెనక్కి తీసుకోవడం ఆమె చేతిలో లేదు. నాగర్‌కర్నూల్ నుంచి దేవదాసు అనే ఆయన మాత్రం పెద్ద ఉత్తరమంత కామెంట్ రాశాడు. మధుమేహంతో చూపు తగ్గిన వాళ్లక్కకు ఈ గేమ్ పెట్టి ఇచ్చాడట. ఆమె బసప్పతో ఎదురు మాట్లాడుతూ ఆడుతోందట. సౌజన్య దాన్ని ముబషిరాకు పంపింది. చూసినట్టు గుర్తు పడింది, జవాబు మరునాడు వచ్చింది: "మా ఆఫీసుల అందరికి సదివి ఇనిపించిన."

చలికాలం మొదట్లో గేమ్‌కు మార్పులు వచ్చాయి. బసప్పకు మీట పెట్టారు. నదిలో అతను ఇప్పటికీ మాట్లాడడు. రాయి దగ్గరికి వస్తే, ఎటువైపు రాయి ఉందో ఆ వైపు పుట్టి అంచు మీద గడతో ఒకసారి తడతాడు, అంతే. ఆ రోజే ఆమిర్ ఫోన్ చేశాడు. వెనక గిర్ని తిరుగుతున్న చప్పుడు.

"మూడోసారికే దాటిన చెల్లె. మంచిగ చేసింది. గని తట్టుడు జర ఆలస్యమైతుంది, రాయి మీదికి పోయినంక తడుతుండు."

"ముబషిరాకు చెప్పినవా?"

"చెప్పిన. నువ్వు చూసి నిజమా కాదా చెప్పాలంట. నా ఒక్కని మాట ఇనదంట."

సౌజన్య గీస్తున్న అంచును సేవ్ చేసి నల్లకోట తెరిచింది. "ఉండన్నా, చూస్త" అని ఫోను స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టింది. అవతల ఎవరో జొన్నలు తెచ్చినట్టున్నారు, ఆమిర్ వాళ్లతో మాట్లాడుతూనే ఫోను పెట్టేయకుండా ఉన్నాడు.